గండి పడక ముందే ఊటను కొలవడం

మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనిలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చిన రోగికి, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. అమెరికాలో జరిగి 1995లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, లక్షణాలు మొదలైన 3 గంటల లోపు టీపీఏ అనే ఆ మందు తీసుకున్నవారు 3 నెలల తరువాత మెరుగైన స్థితిలో ఉన్నారు. అయితే మొదటి 36 గంటల్లో మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించినవారు మందు తీసుకున్నవారిలో 6.4 శాతం, తీసుకోనివారిలో 0.6 శాతం. నూటికి ఆ ఆరుగురు ఎవరో ముందుగా పోల్చుకోగలిగితే ఎంత బాగుండునన్న ఆరాటమే, మెదడు రక్తనాళాల గోడ ఎంత దెబ్బతిన్నదో స్కాన్లతో కొలిచే ప్రయత్నాలకు మూలం.

ఆ గోడ మామూలు గోడ కాదు. 1885లో జర్మన్ వైద్యుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించినప్పుడు మిగతా అవయవాలన్నీ రంగు తేలాయి గాని మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మెదడుకు ఆ రంగు పట్టదేమోనని ఆయన అనుకున్నాడు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ రంగును నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించి చూస్తే మెదడుకు రంగు పట్టింది, శరీరానికి పట్టలేదు. అంటే నడుమ ఏదో అడ్డు ఉందన్నమాట. అది కేశనాళికల లోపొర కణాల మధ్య ఉన్న బిగువైన కుట్లేనని 1967లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తేల్చింది.

రక్తసరఫరా ఆగినప్పుడు ఈ కుట్లు సడలుతాయి. నాళానికి కింద ఆధారంగా ఉండే పలుచని పొరను కొన్ని ఎంజైములు తినివేస్తాయి. మొదట నీరు, చిన్న అణువులు, తరువాత ప్రోటీన్లు, చివరకు ఎర్రరక్తకణాలే బయటికి వస్తాయి. చెరువుకట్ట సంగతి తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: గండి పడక ముందు కట్ట అడుగున ఊట కనిపిస్తుంది. ఆ ఊటను చూడడానికి రోగి నరంలోకి గడోలినియం అనే లోహం ఉన్న ద్రవాన్ని ఎక్కించి, ఎంఆర్ఐ యంత్రంతో ఒకే చోటును నిమిషాల తరబడి మళ్లీ మళ్లీ చిత్రిస్తారు. గడోలినియం తనంతట తాను కనిపించదు. చుట్టూ ఉన్న నీటి అణువుల సంకేతాన్ని ప్రకాశవంతం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న భాగంలో ఆ వెలుగు రక్తంతో పాటే వచ్చి రక్తంతో పాటే తగ్గుతుంది, కారుతున్న భాగంలో కొంత మిగిలిపోయి నెమ్మదిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలను రక్తంలోని గడోలినియం పరిమాణంతో పోల్చి గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుందనీ, ఆ రేఖ వాలే కారుడు వేగమనీ 1983లో పాట్లక్, ఆయన సహచరులు చూపారు.

చెప్పినంత తేలిక కాదు. మెదడు కణితిలో ఊట ధారాళంగా ఉంటుంది. పక్షవాతంలో అది ఎంత స్వల్పమంటే, యంత్రం సంకేతం కాసేపటికి కాస్త జారినా, అయోమయంలో ఉన్న రోగి తల కదిపినా, ఆ మార్పునే కారుడుగా పొరబడవచ్చు. అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది, దానిని తగినంతగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. గడ్డ ఇంకా అడ్డుగానే ఉంటే, పూర్తిగా దెబ్బతిన్న చోటికి గడోలినియం చేరనే చేరదు. చెరువులో నీళ్లే లేనప్పుడు కట్ట పొడిగా ఉండడం కట్ట గట్టిదనడానికి సాక్ష్యం కానట్టే, అక్కడ కారుడు తక్కువగా తేలడం గోడ క్షేమంగా ఉందనడానికి సాక్ష్యం కాదు. కాబట్టి కారుడు అంకెను రక్తప్రవాహపు అంకె పక్కన పెట్టుకొని మాత్రమే చదవాలి.

అంకె లేకుండానే ఎక్కువ చెప్పే ఒక గుర్తు ఉంది. ఒకసారి గడోలినియం ఇచ్చి స్కాన్ తీసిన రోగికి, కొన్ని గంటలకో మరునాడో ఫ్లెయిర్ అనే పద్ధతిలో మళ్లీ ఎంఆర్ఐ తీస్తారు. ఆ పద్ధతిలో మెదడు ముడతల మధ్య ఉండే ద్రవం నల్లగా కనిపించాలి. గోడ దాటి గడోలినియం అందులోకి చేరితే, ముడతల వెంట సున్నం గీతలు గీసినట్టు తెల్లబడుతుంది. ఈ గుర్తు కనిపించినవారిలో రక్తస్రావం ఎక్కువని 2004లో అమెరికా పరిశోధకులు నివేదించారు. మందు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయానికి ఇది ఆలస్యమే. ఆ తరువాతి రోజుల్లో రక్తపోటును, రక్తాన్ని పలుచన చేసే మందులను ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో నిర్ణయించడానికి మాత్రం పనికిరాగలదు.

గొట్టం పంపి గడ్డను బయటికి లాగిన తరువాత తీసే సీటీ స్కాన్‌లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. మెదడు లోపల తెల్లని మచ్చ కనిపిస్తుంది. అది రక్తస్రావమా, లేక చికిత్స వేళ ధమనిలోకి పంపిన అయోడిన్ ద్రవం సడలిన గోడ గుండా ఇంకిపోయిందా? మామూలు సీటీలో రెండూ ఒకే తెలుపు. రెండు శక్తుల ఎక్స్‌రేలతో తీస్తే అయోడిన్, రక్తం వేరువేరుగా స్పందిస్తాయి గనుక అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ సౌకర్యం లేని చోట మరునాటి స్కాన్ వరకు ఆగాలి. అయోడిన్ అయితే సాధారణంగా అప్పటికి చెదిరిపోతుంది, రక్తమైతే మిగిలే ఉంటుంది.

మొదటి గంటల్లో నికరమైన కొలతకు పట్టే సమయమే పెద్ద అడ్డు. పెద్ద ధమని మూసుకున్న పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో వేసిన లెక్క. ఊట కోసమని రోగిని పది నిమిషాలు అదనంగా యంత్రంలో ఉంచడం అప్పుడు సమర్థనీయం కాదు. అందుకే రక్తప్రవాహం చూడడానికి ఎలాగూ తీసే ఒకటి రెండు నిమిషాల స్కాన్ నుంచే కారుడు అంచనాను కూడా రాబట్టే దారిని కొందరు పరిశోధకులు పట్టారు. దాని అంకె ముతకది, కాని అది గడ్డ కరిగించే మందు ఎక్కించక ముందే వైద్యుడి చేతికి వస్తుంది.