పొద్దున్నే వచ్చే తామరపువ్వు

మా పెదనాన్న తెల్లవారుజామున లేచి, కాఫీ అయినా తాగకుండా, ముందు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక తామరపువ్వు పెడతారు. కొన్ని రోజులు గులాబీ, శనివారమైతే వెంకటేశ్వరస్వామి. దాని కింద మెరిసే అక్షరాల్లో “శుభోదయం”, ఆ కింద జీవితం గురించి రెండు సూక్తులు. గ్రూపులో నలభై మందిమి ఉన్నాం. ఆ సూక్తులను చదివేవాళ్లు ఒక్కరు కూడా ఉన్నట్టు నాకు తోచదు. అయినా గంట తిరక్కముందే పదిహేను దండాల బొమ్మలు వచ్చి పడతాయి. ఫోనులో జాగా నిండిపోయినప్పుడల్లా నేను ముందుగా చెరిపేసేది ఆ పువ్వులనే.

ఈ పువ్వుల సంగతి గూగుల్ దాకా వెళ్లింది. భారతదేశంలో ఫోన్లు మాటిమాటికీ ఎందుకు మొరాయిస్తున్నాయని ఆ కంపెనీ పరిశోధకులు ఆరా తీస్తే, పొద్దునపూట బొమ్మలు కూడా ఒక కారణమని తేలినట్టు 2018 జనవరిలో పత్రికల్లో వార్త వచ్చింది. అంతకు నెల ముందు విడుదలైన ఫైల్స్ గో అనే ఆప్‌కు ఇలాంటి బొమ్మలను పోల్చుకుని ఏరివేయడం నేర్పారు. ఇంజనీరు చూసినంతలో అది సబబే. ఏ సమాచారమూ లేని ఫైలు చోటు తింటోంది, తీసిపారేస్తే పోతుంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

సమాచారం లేని మాటను మనిషి ఎందుకు పలుకుతాడన్న ప్రశ్న మాత్రం ఫోన్ల కంటే చాలా పాతది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పాపువా తీరానికి దూరంగా ఉన్న ట్రోబ్రియాండ్ దీవుల్లో బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే పోలండ్ మానవశాస్త్రవేత్త జనంతో కలిసి బతుకుతూ వాళ్ల భాషను గమనించాడు. “ఎక్కడి నుంచి వస్తున్నావు?” అని దారిలో ఎదురైనవాళ్లు అడుగుతారు. జవాబు ఎవరికీ అక్కర్లేదు. 1923లో రాసిన వ్యాసంలో ఆయన ఇలాంటి మాటలకు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి, వీటి పని కబురు చెప్పడం కాదు, మనిషికీ మనిషికీ మధ్య ముడి వేయడం అన్నాడు. దాని వెనక ఉన్న భయాన్ని కూడా పట్టుకున్నాడు. పక్కనున్నవాడు నోరు విప్పకుండా ఉంటే మనకు నెమ్మదిగా ఉండదు, ఏదో కీడు శంకిస్తాం.

మనకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు. “భోజనాలు అయ్యాయా?” అని అడిగినవారు, కాలేదంటే వడ్డించడానికి సిద్ధపడి అడగరు. ప్రయాణమై వెళ్లేవారిని “ఎక్కడికి?” అనడం అపశకునమని “దూరమా?” అంటారు. “ఆ, కొంచెం” అని సాగిపోతారు. ఇద్దరి మధ్యా ఒక్క ముక్క కూడా తెలియలేదు, కానీ పని జరిగింది. భాషాశాస్త్రజ్ఞుడు రోమన్ యాకబ్సన్ 1960లో దీన్ని భాష చేసే ఆరు పనుల్లో ఒకటిగా లెక్కించాడు. “హలో, వినపడుతోందా?” అనడం ఆ కోవలోనిదే. పసిపిల్లలకు మొదట పట్టుబడేదీ, మాటలు నేర్చిన పక్షులు మనతో పంచుకోగలిగేదీ ఈ ఒక్క పనే అని కూడా అన్నాడు. అంటే శుభోదయం విషయంలో పెదనాన్నా రామచిలకా ఒకే వరస. ఈ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

2012లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో డేనియల్ మిల్లర్ నాయకత్వాన తొమ్మిది మంది మానవశాస్త్రవేత్తలు ఒక పరిశోధన మొదలుపెట్టారు. చైనాలో రెండు చోట్ల, ఇంకా బ్రెజిల్, తుర్కియే, ట్రినిడాడ్ లాంటి చోట్ల ఒక్కొక్కరు పదిహేను నెలలపాటు మకాం వేసి, జనం సోషల్ మీడియాలో ఏం పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో చూశారు. మన వైపు ఆ పని చేసింది శ్రీరామ్ వెంకట్రామన్. ఆయన ఎంచుకున్నది చెన్నై శివార్లలో ఐటీ పార్కు పక్కనే ఉన్న పల్లెలు. అసలు పేరు బయటపెట్టకుండా వాటికి పంచగ్రామి అని పేరు పెట్టాడు. దేవుడి బొమ్మలూ మంచిమాటలూ పొద్దున్నే పదిమందికీ పంపడం అక్కడ కేవలం కాలక్షేపం కాదు, పంపినవారికి పుణ్యం దక్కే పని. ఇంటి ముందు ముగ్గు ఎందుకు వేస్తారో తెలిసినవారికి ఇందులో వింతేమీ లేదు. ముగ్గులో సమాచారం ఎంత? అది లేని గుమ్మం చూసి వీధివాళ్లు ఏమనుకుంటారు?

నాకది ఒక కార్తీకమాసంలో అర్థమైంది. ఏడు దాటినా తామరపువ్వు రాలేదు. ఎనిమిదింటికి హైదరాబాదు నుంచి అత్తయ్య, ఎనిమిదింబావుకు డల్లాస్ నుంచి మా అన్నయ్య పెదనాన్నకు ఫోన్ చేశారు. ఇద్దరూ “ఊరికే చేశాం” అన్నారు. జరిగిందల్లా చార్జర్ పాడవడమే. ఎవరూ చదవని ఆ బొమ్మ రాకపోతే నలభై మందికీ తెలిసింది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా, ముడి వేసే దారం మీదనే కబుర్లు కూడా నడవడం. రోజూ పువ్వు పంపే చెయ్యే ఒకరోజు ఒక వీడియో పంపుతుంది. పువ్వును నిజమా అబద్ధమా అని ఎవరూ అడగరు. ఆ అలవాటులోనే వీడియోను కూడా అడగరు.

2018లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అది నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచారచిత్రం. అసలు చిత్రంలో వాళ్లు వెనక్కి తిరిగొచ్చి పిల్లవాణ్ణి దింపి, ఒక అట్ట మీద రాసిన హెచ్చరిక చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారనే ఇలాంటి పుకార్ల వల్ల ఆ ఏడాది దేశంలో 20 మందికి పైగా అమాయకులు మూకల చేతుల్లో చనిపోయారు.

ఆ వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్నది రెమా రాజేశ్వరి. ఎండాకాలం ఆరుబయట పడుకోవలసిన జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లకు వెళ్లే పోలీసులు గమనించారు. ఫోన్లు తెరిచి చూస్తే పుకార్లు. అప్పుడామె పోలీసులను ఊరూరా పంపి, జానపద కళాకారుల చేత పాటల్లో చెప్పించి, జనం ముఖం చూస్తూ మాట్లాడించారు. ఆ పల్లెల్లో ప్రాణాలు పోలేదు. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అది అబద్ధం నడకను నెమ్మది చేస్తుంది గాని, అబద్ధాన్ని నమ్మినవారి దగ్గరకు వెళ్లి కూర్చోదు.

కూర్చోవలసినవాళ్లం మనమే. ఎలా కూర్చోవాలన్నది పెద్ద తంటా. ప్రణవ్ మల్హోత్రా, కేటీ పియర్స్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశపు యువతీయువకులను ఇదే అడిగారు. ఇంట్లో పెద్దలు తప్పుడు కబురు పంపితే ఏం చేస్తారు? నలుగురిలో పెద్దల మాట కాదనలేక, చాలామంది విడిగా చెబుతారు, లేకపోతే ఇంకో పెద్దవారి చేత చెప్పిస్తారు. మరోవైపు సుమిత్ర బద్రీనాథన్, సిమోన్ షోషార్ జరిపిన ప్రయోగాల్లో, గ్రూపులోని ఒక మామూలు సభ్యుడు “ఇది నిజం కాదనుకుంటా” అని ఒక్క వాక్యం పెట్టినా ఆ కబురు మీద చూసినవారి నమ్మకం తగ్గింది. ఆధారాలు జతచేసిన దిద్దుబాటుకు, ఏ ఆధారమూ లేని ఆ ఒక్క వాక్యానికి పెద్ద తేడా కనిపించలేదు. విజ్ఞానశాస్త్రం మీద గౌరవం ఉన్నవాడిగా ఇది నాకు కొంచెం మింగుడుపడలేదు. లింకులు వెతకడానికి నేను ఎన్ని సాయంత్రాలు తగలేశానో!

ఈ రెండు పరిశోధనలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నట్టుంటాయి. అందరి ముందూ అన్న మాట పనిచేస్తుంది, మనకు మాత్రం అందరి ముందూ అనడానికి నోరు రాదు. నేను మర్యాద వైపే మొగ్గాను. కిందటేడు ఒక వైద్యం చిట్కా వీడియో వచ్చినప్పుడు పెదనాన్నకు విడిగా ఒక్క ముక్క రాశాను: “పెదనాన్నా, ఇది మన డాక్టరుగారు కూడా ఒప్పుకుంటారంటారా?” జవాబు రాలేదు. గ్రూపులోంచి వీడియో కూడా పోలేదు. మర్నాడు పొద్దున యథాప్రకారం తామరపువ్వు వచ్చింది.

వారం తర్వాత ఇంకో వీడియో, ఈసారి గ్రూపుకు కాదు, నాకొక్కడికే. కింద “ఇది నిజమేనా, చూసి చెప్పు” అని ఉంది. అప్పటి నుంచి ఇలాంటివి పదకొండు పంపారు. పది అబద్ధాలు. మొన్నటిది మాత్రం నిజమే, మా ఊరి బస్సు వేళలు మారాయి.