5కె అడిగితే 4.7కె ఎందుకిస్తారు?

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి సీను ఒకటి కనబడుతుంది. ఇంజినీరింగ్ కుర్రాడు ప్రాజెక్టు కాగితం చూసుకుంటూ "5కె రెసిస్టర్లు పది ఇవ్వన్నా" అంటాడు. రెసిస్టర్ అంటే సర్క్యూట్‌లో కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగం. ఆ అడ్డు కొలత ఓంలు; 5కె అంటే 5 వేల ఓంలు. షాపతను స్ట్రిప్పులోంచి పది చింపి ఇస్తాడు. వాటి మీద విలువ చెప్పే రంగు గీతలు చూస్తే పసుపు, ఊదా, ఎరుపు. అంటే 4.7కె. "నేనడిగింది 5కె అన్నా!" "5కె రాదు తమ్మీ. ఇదే పెట్టుకో, నడుస్తది."

కుర్రాడి లెక్క తప్పు కాదు, షాపతను మోసం చేయనూ లేదు. ఆ 4.7 వెనక దాదాపు 90 ఏళ్ల కథ ఉంది.

తొలినాళ్ల రేడియోల్లో వాడిన కార్బన్ రెసిస్టర్‌ను కార్బన్ పొడిలో మట్టిలాంటి ఫిల్లరు, రెసిన్ కలిపి, కడ్డీలా ఒత్తి, కాల్చి చేసేవారు. వడియాలు పెట్టినట్టే అనుకోండి. పిండి ఒకటే, చెయ్యి ఒకటే, అయినా ఏ రెండు వడియాలూ ఒక్కలా ఉండవు. ఎంత విలువ వచ్చిందో కాలిన తర్వాత మీటరు పెట్టి చూస్తేనే తెలిసేది. 20 శాతం అటూ ఇటూ కావడం మామూలే. అమ్మకం మాత్రం గుండ్రటి అంకెల్లో సాగేది: 50 వేల ఓంలు, లక్ష, రెండున్నర లక్షలు, ఐదు లక్షలు.

చిక్కు ఇక్కడే వచ్చింది. 50 అని రాసినది 40 నుంచి 60 దాకా ఏదైనా కావచ్చు. అలాంటప్పుడు దాని పక్కన 55 అని ఇంకో రకం పెట్టడంలో అర్థం లేదు. అలాగని 50 తర్వాత నేరుగా 100 అంటే, 60కీ 80కీ మధ్య వచ్చిన సరుకు ఏ డబ్బాలోనూ పట్టదు.

1936లో అమెరికాలోని రేడియో తయారీదారుల సంఘం దీనికో దారి చూపించింది. తేడా శాతాల్లో ఉన్నప్పుడు మెట్లు కూడికతో కాదు, గుణకారంతో ఎక్కాలి. 10 నుంచి 100 లోపు ఆరు మెట్లు వేస్తే ఒక్కో మెట్టుకు దాదాపు 1.47 రెట్లు పెరగాలి. అలా వచ్చినవే 10, 15, 22, 33, 47, 68. 20 శాతం తేడాతో 4.7 పరిధి 3.76 నుంచి 5.64 దాకా. తర్వాతి 6.8 పరిధి 5.44 దగ్గరే మొదలవుతుంది. కొలిమిలోంచి వచ్చిన ముక్క ఏదైనా ఏదో ఒక డబ్బాలో పడిపోతుంది, పారేసే పని లేదు. 10 శాతానికి 12 మెట్లు, 5 శాతానికి 24. నా దృష్టిలో ఇది డిజైనర్ల కోసం రాసిన లిస్టు కాదు, గోడౌన్ కోసం రాసినది. 10 శాతం లెక్కలో 4.7కె అంటే 4.23 నుంచి 5.17 దాకా, కాబట్టి కుర్రాడు అడిగిన 5కె ఆ డబ్బాలోనే ఉంది.

అయితే ఈ లిస్టు లెక్కకు పూర్తిగా లొంగలేదు. కాలిక్యులేటర్ తీసి చూడండి. 33 ఉన్న చోట రావాల్సింది 31.6, 47 ఉన్న చోట 46.4, 27 ఉన్న చోట 26.1. 12 మెట్ల లిస్టులో 1.2 పరిధి 1.32తో ఆగిపోతే 1.5 పరిధి 1.35 దగ్గర మొదలవుతుంది. అంటే మధ్యలో చిన్న సందు కూడా ఉంది.

1948లో స్టాక్‌హోంలో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం, అంటే ఐఈసీ, ఈ విలువలకు ప్రపంచమంతా ఒకే ప్రమాణం పెట్టే పని మొదలుపెట్టింది. అప్పటికే ఇంకో పద్ధతి చేతిలో ఉంది. ఫ్రెంచి సైన్యంలో బెలూన్లు చూసే ఇంజినీరు చార్లెస్ రెనార్డ్ 1870లలో 425 రకాల తాళ్లను 17కు కుదించిన పద్ధతి అది. అందులో మెట్లు 10, 16, 25, 40, 63. దాన్నే తీసుకుంటే అన్ని వస్తువులకూ ఒకే వరస అయ్యేది. కానీ కొన్ని దేశాల్లో 12, 24 మెట్ల లిస్టులు అప్పటికే పాతుకుపోయాయి. చివరికి 1952లో వచ్చిన ఐఈసీ 63 ప్రమాణంలో ఆ మెట్లే నిలిచాయి, 33, 47 లాంటి ఒంకర్లతో సహా.

తర్వాత పలుచని లోహపు పొరతో చేసే మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వచ్చింది, 1 శాతం తేడా మామూలైంది, 96 మెట్ల లిస్టు పుట్టింది. విచిత్రమేంటంటే అందులో 4.7 లేదు. 4.64 ఉంది, 4.75 ఉంది, 4.99 కూడా ఉంది. అయినా షాపులో 1 శాతం రెసిస్టర్ అడిగినా 4.7కె దొరుకుతుంది. అలవాటు అంత గట్టిది!

ఈ మెట్ల మధ్య ఇరుక్కునే డిజైనర్ తిప్పలు వేరు. వోల్టేజిని ఒకచోట నిలిపే ఎల్ఎం317 అనే చిప్‌తో 5 వోల్టులు కావాలంటే, దానికి పెట్టే రెండు రెసిస్టర్లలో ఒకవైపు 240 ఓంలు పెడితే రెండోవైపు 720 రావాలి. 24 మెట్ల లిస్టులో అది లేదు. 680 పెడితే 4.79 వోల్టులు, 750 పెడితే 5.16. తెలివైనవాళ్లు 680 పక్కన 39 కలిపి 719 చేస్తారు. కాగితం మీద బ్రహ్మాండం. కానీ 680లో 5 శాతమంటే 34 ఓంలు. కష్టపడి చేర్చిన 39లో చాలా భాగం ఆ తేడాలోనే కొట్టుకుపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అక్కడ చిన్న ప్రీసెట్, అంటే తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్ పెట్టి, మీటరు చూస్తూ తిప్పుకుంటారు.

రెనార్డ్ కూడా పూర్తిగా ఓడిపోలేదు. మన ఇంటి బోర్డులో ఎంసీబీల మీద 6, 10, 16, 25, 40, 63 ఆంపియర్లు కనిపిస్తే అవి ఆయన మెట్లే. ఇక విద్యుత్తును కాసేపు దాచుకునే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి చేతిలోకి తీసుకుని, మీద రాసింది చదవండి: 47 మైక్రోఫారడ్, 63 వోల్టులు. మొదటి అంకె రేడియోవాళ్ల లిస్టులోది, రెండోది బెలూన్ తాళ్ల లిస్టులోది.