చదువుతూ ఫోన్ చూడటం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ తరానికి రెండు పనులు ఒకేసారి చేయడం తేలికే.

వాస్తవం: కౌన్సెలింగ్‌కు వచ్చే డిగ్రీ, బీటెక్ విద్యార్థుల దగ్గర నేను తరచూ వినే మాట ఇది. ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగానే వాట్సాప్‌లో జవాబిస్తారు, ఒక రీల్ చూస్తారు, మళ్లీ క్లాసులోకి వస్తారు. చదవడం, మెసేజ్ రాయడం రెండిటికీ మాటలే కావాలి కాబట్టి మెదడు వాటిని కలిపి చేయలేదు. ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ ఎక్కడ ఆగామో వెతుక్కోవాలి. చదివిన మెసేజ్ తాలూకు ఆలోచన కూడా కాసేపు వదలదు. ‘ఐదు గంటలు కూర్చున్నా బుర్రకెక్కలేదు’ అని ఏడ్చే పిల్లల్లో చాలామందికి తెలివి తక్కువేం కాదు. వాళ్ల ఐదు గంటలు ముక్కలైపోయాయి.

అపోహ: అలవాటైతే నైపుణ్యం అదే వస్తుంది.

వాస్తవం: 2013లో అమెరికాలోని యూటా యూనివర్సిటీ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, ఎక్కువగా మల్టీటాస్కింగ్ (ఒకేసారి రెండు మూడు పనులు) చేసేవాళ్లే ఆ సామర్థ్యాన్ని కొలిచే పరీక్షలో వెనకబడ్డారు. తాము సగటు కంటే మెరుగని అనుకున్నవాళ్లు మాత్రం దాదాపు 70 శాతం! అంతకుముందు, 2009లో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధన కూడా ఎక్కువగా మల్టీటాస్కింగ్ చేసేవాళ్లకు అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టడం కష్టమవుతోందని చెప్పింది. తర్వాతి అధ్యయనాల్లో ఆ తేడా అంత పెద్దగా కనబడలేదు. పైగా ఫోన్ వల్ల ఏకాగ్రత తగ్గిందా, ఏకాగ్రత తక్కువున్నవాళ్లే ఫోన్ వైపు వెళ్తున్నారా అన్నది వీటితో తేలదు. అందుకే ‘నీ మెదడు పాడైపోయింది’ అని పిల్లలతో అనొద్దని తల్లిదండ్రులను గట్టిగా కోరతాను.

అపోహ: ఫోన్ ముట్టుకోకపోతే చాలు.

వాస్తవం: 2015లో వచ్చిన ఒక ప్రయోగంలో, ఫోన్ తీయకపోయినా నోటిఫికేషన్ మోగగానే తప్పులు పెరిగాయి. ‘ఎవరై ఉంటారు?’ అన్న ఆలోచన చాలు. చదివే గంట నోటిఫికేషన్లు ఆపి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. హాస్టల్లో ఉంటే రూమ్మేట్‌కి ఇవ్వండి.

పాటల సంగతీ అడుగుతారు. లెక్కలు చేసేటప్పుడు చాలామందికి ఇబ్బంది ఉండదు. చదివేటప్పుడు మాత్రం సాహిత్యం వినబడే పాట అడ్డమే.

అపోహ: రోజంతా ఫోన్ పట్టుకుంటే అది వ్యసనమే.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ, ‘ఇంటర్నెట్ వ్యసనం’ పేరుతో విడిగా జబ్బు లేదు. గంటలు లెక్కపెట్టడం కంటే నిద్ర, తిండి, పరీక్షలు, స్నేహాలు దెబ్బతింటున్నాయా, ఆపాలనుకున్నా ఆపలేకపోతున్నారా చూడండి. అలా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.