తెగని రబ్బరు బ్యాండు ఎందుకు పారెయ్యాలి?

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి "తర్వాత చెప్తాలే" అని తప్పించుకున్నాను. అప్పటికి నా దగ్గర సగం జవాబే ఉంది మరి. "తాతయ్యా, పళ్ళ క్లిప్పులకి తగిలించే రబ్బరు బ్యాండు తెగలేదు, పాడవలేదు, అయినా డాక్టరమ్మ రోజూ కొత్తది వేసుకోమంటోంది, ప్యాకెట్లు అమ్ముకోడానికేనా?" అన్నావు. అనుమానం మన వంశంలోనే ఉంది, నిన్నేమీ అనను. కానీ ఈసారి తప్పు రబ్బరుది. తమ్ముణ్ణి కూడా పక్కన కూచోబెట్టుకుని చదువు, వాడికి వేరే చీవాట్లున్నాయి.

వేసవి సెలవుల్లో నీకు క్లిప్పులు వేయించడానికి తీసుకెళ్ళింది నేనే కదా, ఆ గంటసేపూ కుర్చీ పక్కన నిలబడి డాక్టరమ్మ ప్రాణం తోడేశాను. ఒక్కో పన్ను మీద అతికించిన బుల్లి లోహపు ముక్క బ్రాకెట్టు. దాని మధ్యలో గాడి. ఆ గాళ్ళన్నిటిలోంచీ ఒకటే తీగ పోతుంది. తీగ బయటికి రాకుండా ఒక్కో బ్రాకెట్టు చుట్టూ ఒక రంగు రింగు. నువ్వు లేత నీలం ఏరుకున్నావు, వారం తిరక్కుండా ముద్దపప్పూ ఆవకాయా తిని వాటిని ఆకుపచ్చ చేసుకుని నాకు ఫోటో పెట్టావు. వంటల్లో పసుపు ఒకసారి ఆ రింగులకి పట్టిందంటే బ్రష్షుకి లొంగదు. ఈసారి ముదురు రంగు అడుగు. తెల్లవి మాత్రం వద్దమ్మా, మనింటి పప్పుతో అవి రెండు రోజులు కూడా తెల్లగా ఉండవు.

ఆ రింగే పన్నును లాగుతోందని నువ్వనుకుంటున్నావు. లాగేది తీగ. రింగు పని తీగను గాడిలో పట్టి ఉంచడం. ఇది నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే నేను దడి కట్టినవాణ్ణి.

నువ్వు దడి చూసి ఉండవు. మా చిన్నప్పుడు ఇంటికి ప్రహరీ లేదు, తుమ్మ గుంజలు వరసగా పాతి, వాటికి అడ్డంగా వెదురు బద్దలు పెట్టి, తాటినారతో బిగించి, సందుల్లో కంప కూరేవాళ్ళం. ఏదైనా గుంజ వరస తప్పి లోపలికి ఉంటే మా నాన్న దాన్ని పీకి మళ్ళీ పాతేవాడు కాదు. వెదురు బద్దని వంచి ఆ గుంజకి గట్టిగా కట్టేసి ఊరుకునేవాడు. వంచిన బద్ద వంగి ఉండదు కదా, నిటారుగా అవుదామని చూస్తుంది, చూస్తూ చూస్తూ గుంజని తనతోపాటు ఈడ్చుకొస్తుంది. వానలు పడి నేల మెత్తబడేసరికి గుంజ వరసలోకి వచ్చేసేది. మధ్యలో నార తెగిందో, బద్ద హాయిగా నిటారైపోతుంది, గుంజ ఉన్నచోటే ఉంటుంది. నీ తీగ ఆ వెదురు బద్ద, నీ రంగు రింగు తాటినార ముడి. అందుకే రింగు ఊడితే "ఒక్కటేగా" అని ఊరుకోకుండా అమ్మకి చెప్పు. కొందరికి రింగుకి బదులు సన్నటి స్టీలు తీగతో ముడేసి, మెలి తిప్పి, కొస లోపలికి నొక్కేస్తారు. మాకు నార అయిపోయినప్పుడు ఇనప తీగతో కట్టినట్టే.

ఇక నువ్వు రోజూ మార్చే అసలు రబ్బరు బ్యాండు. నీది పై కోరపన్ను దగ్గర కొక్కెం నుంచి కింది దవడ పన్ను కొక్కెం దాకా, ఏటవాలుగా. నీ పై పళ్ళు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి అలా. కింది దవడ ముందుకి వచ్చినవాళ్ళకి తిరగేసి, కింది కోరపన్ను నుంచి పై దవడ పన్నుకి వేస్తారట. ఇక్కడ దడి వదిలేసి పశువుల పాకలోకి రా. గుంజ మాత్రం అదే.

మాకు గౌరి అని పెయ్యదూడ ఉండేది. దాని గుంజ పాతింది నేను, పదేళ్ళవాణ్ణి, నా గొప్పే గొప్ప. పక్కనే కోడె గుంజ. కోడె రోజుకి ఒకటో రెండో సార్లు బుసకొట్టి ఒక్క గుంజు గుంజేది, పాక అదిరేది, గుంజ మాత్రం కదిలేది కాదు. దూడకి అంత బలమెక్కడిది? పొద్దస్తమానం తల్లి వైపు ఒరిగి, పలుపుతాడు బిగిసేలా నిలబడి ఉండేది, అంతే. నాలుగు రోజులు ముసురు పట్టింది. అయిదో రోజు పొద్దున చూస్తే కోడె గుంజ నిటారుగా ఉంది, నా గుంజ తల్లి ఆవుకి దణ్ణం పెడుతున్నట్టు ఒరిగిపోయింది! సరిగ్గా పాతలేదని నాన్న నాకు నాలుగు తగిలించాడు. లోతుగానే పాతాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

నీ రబ్బరు బ్యాండు దూడ లాంటిది. ప్యాకెట్టు మీద చూడు, ఏదో జంతువు బొమ్మో రంగో ఉంటుంది, పక్కన అంకెలుంటాయి. నీ ప్యాకెట్టు ఫోటోలో 3/16 అంగుళం, 4.5 ఔన్సులు అని ఉంది. మొదటిది లోపలి వెడల్పు, 5 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. రెండోది, దాన్ని మూడింతలు సాగదీస్తే ఎంత లాగుతుందో. మన లెక్కలో దాదాపు 128 గ్రాములు, అంటే ఒక మోస్తరు జామకాయ బరువు. జామకాయ బరువుకి పన్ను కదులుతుందా అంటే, రోజుకి 20, 22 గంటలు లాగితే కదులుతుంది. అన్నం తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు తీస్తావు, మిగతా అంతా ఉండాలి. బడిలో తీసేసి రాత్రిళ్ళు మాత్రం వేసుకుంటే తాడు విప్పిన దూడే.

నీ తెలివితేటలు నాకు తెలుసు, త్వరగా అయిపోతుందని రెండు బ్యాండ్లు వేద్దామనుకుంటావు. వద్దు. పన్ను ఎముకలో మేకు కొట్టినట్టు దిగి ఉండదు. పన్ను వేరుకీ ఎముకకీ మధ్య పావు మిల్లీమీటరు మందాన మెత్తటి పొర ఉంటుంది, సన్నటి నారపోగులతో పన్ను ఆ పొరలో వేలాడుతూ ఉంటుంది. నెమ్మదిగా లాగినప్పుడు, పన్ను నొక్కే వైపు ఎముకని తినే కణాలొచ్చి కాస్త కాస్త తవ్వుతాయి. వెనక వైపు ఖాళీ పడితే ఎముకని కట్టే కణాలొచ్చి పూడుస్తాయి. బలంగా లాగితే ఆ పొర నలిగి అందులో రక్తం ఆగిపోతుంది, తవ్వాల్సిన కణాలే అక్కడికి రాలేవు, పన్ను వారాల తరబడి మొండికేస్తుంది. నొప్పి ఎక్కువ, నడక తక్కువ. కోడె పాక అదరగొట్టింది గానీ గుంజని కదిలించలేదుగా?

నా గుంజ ఇక్కడ చేతులెత్తేస్తుంది. నా గుంజ ఒరిగితే వెనకాల గొయ్యి అలాగే ఉండిపోయింది, వాననీళ్ళు నిలిచాయి. నీ పన్ను అయితే తన గోతిని కూడా వెంటబెట్టుకుని నడుస్తోంది! ముందు తవ్వేవాళ్ళు, వెనక పూడ్చేవాళ్ళు, నెలకి సుమారు ఒక మిల్లీమీటరు. నువ్వు నిద్రపోతుంటే కూడా ఆ పని జరుగుతోంది. డాక్టరమ్మ ఇది చెప్పినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు, ఆవిడ "అంకుల్, బీపీ ఏమైనా ఉందా?" అని అడిగింది.

సరే, రోజూ మార్చడం. మా రోజుల్లో సైకిల్ షాపులో పంక్చర్లు వేసి వేసి పనికిరాకుండా పోయిన ట్యూబు అడుక్కుని, పట్టీలు కోసి పంగలకర్రకి కట్టేవాళ్ళం. రబ్బరు చెట్టు పాలు వట్టిగా అయితే ఎండకి జిగురై, చలికి పెళుసై ఎందుకూ పనికొచ్చేవి కావట. వాటిలో గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడి సాగుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు, 1845లో లండన్లో స్టీఫెన్ పెర్రీ రబ్బరు బ్యాండుకి పేటెంటు తీసుకున్నాడు. అవేవీ మాకు తెలీవు, మాకు తెలిసింది పక్కింటి మామిడిచెట్టు. ఒక రాత్రి నేనొక తెలివైన పని చేశాను, రబ్బరుకి బలం రావాలని పంగలకర్ర పట్టీలని కిటికీ ఊచకి బాగా సాగదీసి కట్టి పడుకున్నాను. పొద్దున విప్పితే పట్టీలు వేలాడుతున్నాయి. కొడితే రాయి మా దడి కూడా దాటలేదు.

సాగదీసి ఉంచిన రబ్బరు లోపల సర్దుకుపోతుంది, లాగడం తగ్గించుకుంటుంది. నీ నోట్లో అయితే వేడి, తడి, పైగా నువ్వు ఆవులించినప్పుడల్లా, తమ్ముణ్ణి తిట్టినప్పుడల్లా ఇంకా సాగుతుంది. వేసుకున్న మొదటి కొద్ది గంటల్లోనే లాగుడు బాగా పడిపోతుంది, తర్వాత మెల్లగా తగ్గుతూ పోతుంది. పళ్ళ మధ్య సందులు మూయడానికి గొలుసులాగా వేసే పవర్ చైన్ అయితే మొదటి రోజుకే దాదాపు సగం బలం పోగొట్టుకుంటుందట. పైకి తెగదు, రంగు మారదు, కొక్కేనికి బుద్ధిగా ఉంటుంది, లాగదు అంతే. ఇలాంటి ఉద్యోగులు మా ఆఫీసులో చాలామంది ఉండేవాళ్ళు.

ఇప్పుడు తమ్ముడు. ఒరేయ్, అక్క ప్యాకెట్లోంచి ఒక బ్యాండు తీసి నీ ముందు పళ్ళ సందు మూసుకుంటుందని రెండు పళ్ళకీ చుట్టి అద్దంలో చూసుకున్నావట, అమ్మ చెప్పింది. ఇంకోసారి ఆ పని చేశావంటే నేనే బస్సెక్కి వస్తాను. పాతేముందు గుంజ కొస చెక్కుతాం చూడు, పన్ను వేరు కూడా అలా కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. బ్రాకెట్టు లేకుండా చుట్టిన బ్యాండు ఆ సన్న వైపుకి జారి చిగురు లోపలికి వెళ్ళిపోతుంది, బయటికి కనబడదు, పన్నుని పట్టుకున్న పొరనీ ఎముకనీ కోసుకుంటూ పోతుంది. ఎందుకో తెలీకుండా పళ్ళు కదిలిపోయి, చివరికి ఊడిపోయిన పిల్లలున్నారు. ఇంత చిన్న రబ్బరుకి అంత పని చేతనవును. ఆటకి పంగలకర్ర నేను చేసిస్తాను.

చిన్నీ, ఒక పని చెయ్యి. రేపు పొద్దున నోట్లోంచి తీసిన బ్యాండుని కడిగి, ప్యాకెట్లోంచి కొత్తది తీసి, రెంటినీ నల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టు. ఏ గుండ్రం పెద్దదో చూడు. తర్వాత రెంటినీ చెరో చూపుడు వేలికీ బొటనవేలికీ తగిలించి, ఒకేలా సాగదీసి, కళ్ళు మూసుకుని, ఏది గట్టిగా లాగుతోందో తేల్చు. ఫోటో తీసి పంపు, దగ్గరగా తియ్యి, నా కళ్ళజోడు పవరు మార్పించుకోవాల్సి ఉంది.

మీ తాతయ్య