సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

బీటెక్ చివరి సెమిస్టర్‌లో చేసే ఆరు నెలల ఇంటర్న్‌షిప్ గురించి సీనియర్లు చెప్పే మాటల్లో కొన్ని బాగా పనికొస్తాయి. కొన్ని మాత్రం మొదటి నెలంతా తప్పుదారి పట్టిస్తాయి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇంటర్న్‌లకు మెంటర్లుగా ఉండేవాళ్ల చెవిన పదేపదే పడే మాటలు ఇవి.

అపోహ: కాస్త డబ్బు కడితే పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్ వస్తుంది.

వాస్తవం: పనికి పెట్టుకునే కంపెనీ మీకు స్టైపెండ్ ఇస్తుంది, మీ దగ్గర తీసుకోదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ చార్జీ, పేరు ఏదైనా సరే, డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి. అమీర్‌పేటలో ఫీజు కట్టి జావా నేర్చుకోవడంలో తప్పు లేదు. అది కోర్సు, దాన్ని ఇంటర్న్‌షిప్ అని అమ్మితేనే మోసం. ఆఫర్ లెటర్ వచ్చాక అందులో సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య) ఉందో లేదో చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉండే ఈ నంబరును కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ వివరాలు తెలుస్తాయి. నంబరు మధ్యలో ఉండే నాలుగంకెలు రిజిస్టరైన సంవత్సరం. పదేళ్ల అనుభవం ఉందని చెప్పుకునే కంపెనీ నంబరులో 2024 అని కనిపిస్తే వెంటనే అనుమానించాలి. ఎల్ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలు) సీఐఎన్ ఉండదు, వాటికి వేరే నంబరు ఉంటుంది. ఒరిజినల్ మార్కుల మెమోలు ఎవరు అడిగినా ఇవ్వకండి.

అపోహ: చేరేలోపే రియాక్ట్, స్ప్రింగ్ బూట్, క్లౌడ్ అన్నీ వచ్చేసి ఉండాలి.

వాస్తవం: మొదటి వారం చాలావరకు ల్యాప్‌టాప్, వీపీఎన్, రిపాజిటరీ యాక్సెస్‌ల కోసం టికెట్లు పెట్టడంలోనే గడుస్తుంది. ఆ తర్వాత ప్రాజెక్టును మీ మెషీన్ మీద రన్ చేయాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. కారణం తెలివి తక్కువై కాదు, వెర్షన్ తేడా. టీమ్ వాడేది జావా 17 అయితే మీ దగ్గర 21 ఉంటుంది. నోడ్ ప్రాజెక్టులో అలవాటుగా ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే ఒక్కోసారి లాక్ ఫైలే (లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేది) మారిపోతుంది. అందులో రాసి ఉన్న వెర్షన్లనే తేవాలంటే ఎన్‌పీఎం సీఐ వాడాలి.

చేరేముందు నేర్చుకోదగ్గవి నాలుగే: ఒక ప్రోగ్రామింగ్ భాష గట్టిగా, ఎస్‌క్యూఎల్‌లో జాయిన్‌లు, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) బ్రాంచ్, రీబేస్, కాన్‌ఫ్లిక్ట్ తీయడం, ఎర్రర్ చదవడం. ఎర్రర్‌ను పైనుంచి చదువుకుంటూ వస్తే అసలు విషయం దొరకదు. పైథాన్‌లో చివరి లైను ముందు చూడాలి. జావాలో అన్నిటికంటే కింద ఉన్న 'కాజ్డ్ బై' దగ్గర మొదలుపెట్టాలి.

అపోహ: డౌట్లు అడిగితే ఏమీ రాదనుకుంటారు.

వాస్తవం: ఇంటర్న్‌షిప్‌లను పాడుచేసేవాటిలో మా లెక్కలో మొదటిది ఈ భయమే. సోమవారం ఆగిపోయిన పని గురించి గురువారం స్టాండప్‌లో (పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే రోజువారీ చిన్న మీటింగ్) 'చేస్తున్నాను, దాదాపు అయిపోయింది' అని చెబితే, శుక్రవారానికి మెంటర్ చేతిలో ఏమీ ఉండదు. సొంతంగా అరగంట, ముప్పావుగంట ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే అడగండి. అయితే ఎలా అడుగుతున్నారన్నది ముఖ్యం. 'హాయ్ సర్, ఒక చిన్న డౌట్' అని పంపి జవాబు కోసం ఎదురుచూస్తే ఇద్దరి సమయమూ వృథా. నాలుగు సంగతులు ఒకే మెసేజ్‌లో పెట్టండి: ఏం చేయాలనుకున్నారు, ఏ కమాండ్ ఇచ్చారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాదు, టెక్స్ట్‌గా అతికించండి. దాన్ని కాపీ చేసి కోడ్‌లో వెతకాల్సింది అవతలివాళ్లే కదా! ఆ మెసేజ్‌ను టీమ్ ఛానల్‌లోనే పెడితే మెంటర్ మీటింగ్‌లో ఉన్నా ఇంకొకరు జవాబిస్తారు.

అన్నట్టు, చాలా కంపెనీల్లో మేనేజర్‌నైనా పేరుతోనే పిలుస్తారు. కాలేజీ అలవాటు కొద్దీ నోట సర్, మేడమ్ వస్తాయి. తప్పేమీ కాదు, రెండు వారాల్లో అదే పోతుంది.

అపోహ: ఎంత ఎక్కువ కోడ్ రాస్తే అంత మంచి పేరు.

వాస్తవం: 1,500 లైన్ల పుల్ రిక్వెస్ట్‌ను (మీ మార్పులను అసలు కోడ్‌లో కలపమని పంపే అభ్యర్థన) ఎవరూ శ్రద్ధగా చదవరు. అయితే పక్కన పడి ఉంటుంది, లేదంటే చదవకుండానే ఆమోదం పొందుతుంది. రెండూ మీకు నష్టమే. రెండు, మూడు వందల లైన్లు దాటకుండా ముక్కలు చేయండి. పేరు మార్పులు ఒకదానిలో, అసలు లాజిక్ ఇంకోదానిలో పెట్టండి. పంపేముందు డిఫ్‌ను (ఏయే లైన్లు మారాయో చూపేది) మీరే ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి. మరిచిపోయిన ప్రింట్ స్టేట్‌మెంట్లు, ఫార్మాటర్ తిరగరాసిన సంబంధం లేని ఫైళ్లు అప్పుడు బయటపడతాయి. రివ్యూలో ఇరవై కామెంట్లు వస్తే కంగారు పడక్కర్లేదు. 'నిట్' అని మొదలయ్యేవి చిన్నాచితకా సూచనలు. మిగతావాటిలో ప్రతిదానికీ మార్పైనా చేయాలి, ఎందుకు చేయలేదో జవాబైనా రాయాలి.

మంచి పేరు తెచ్చేది టెస్టులు. ఇంటర్న్‌ల కోడ్‌లో తరచూ కనిపించే రెండు తప్పులు చూడండి. మొదటిది తేదీ. సర్వర్లు సాధారణంగా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) నడుస్తాయి, మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 దాకా మనకు ఒక తేదీ, సర్వర్‌కు దాని ముందురోజు తేదీ. 'ఈరోజు ఆర్డర్లు' రిపోర్టులో రాత్రి ఒంటిగంట ఆర్డర్ కనిపించకపోతే కారణం ఇదే. పగలు ఆఫీసులో ఎన్నిసార్లు పరీక్షించినా ఈ బగ్ దొరకదు. టెస్టులో సమయాన్ని మీరే పెట్టి చూడాలి.

రెండోది తెలుగు పేర్లు. 'శ్రీ' మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య). అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు. 'శ్రీనివాసరావు' అని రాస్తే 13 కోడ్ పాయింట్లు, 39 బైట్లు. కాలమ్ పరిమితి 20 బైట్లయితే ఇంగ్లిష్‌లో రాసిన అదే పేరు హాయిగా పడుతుంది, తెలుగు పేరు దగ్గర ఎర్రర్ వస్తుంది. ఒరాకిల్‌లో వర్చార్2 పరిమితిని మామూలుగా బైట్లలోనే లెక్కిస్తారు కాబట్టి అక్కడ ఇది ఎక్కువ. ప్రొఫైల్ బొమ్మలో మొదటి అక్షరం చూపించే కోడ్ కూడా 'శ్రీ'ని నరికి 'శ' ఒక్కటే పెడుతుంది. ఇలాంటి టెస్ట్ కేసులు తెలుగు తెలిసిన ఇంటర్న్‌కు తట్టినంత తేలిగ్గా టీమ్‌లో ఇతరులకు తట్టవు.

అపోహ: ఇంటర్న్ ఒక్క పొరపాటు చేస్తే వెబ్‌సైట్ మొత్తం పడిపోతుంది.

వాస్తవం: పద్ధతిగా నడిచే చోట మెయిన్ బ్రాంచ్‌కు రక్షణ ఉంటుంది. రివ్యూ లేకుండా కోడ్ లోపలికి పోదు, ప్రొడక్షన్ డేటాబేస్‌లో రాసే అనుమతి మీకు ఇవ్వరు. నిజంగా భయపడాల్సింది పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు పొరపాటున కమిట్ కావడం (గిట్‌లో నమోదు కావడం) గురించి. తర్వాతి కమిట్‌లో తీసేసినా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. దాచిపెట్టకుండా వెంటనే మెంటర్‌కు చెప్పండి, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. టెస్ట్ డేటాబేస్‌లోనైనా అప్‌డేట్ రాసేముందు అదే వేర్ షరతుతో సెలెక్ట్ కౌంట్ వేసి ఎన్ని వరుసలు మారతాయో చూడండి.

అపోహ: ఏఐ టూల్ రాసిచ్చేస్తుంది, మనం అతికిస్తే చాలు.

వాస్తవం: కంపెనీ అనుమతించిన టూల్ అయితే వాడండి. అనుమతి లేని చాట్‌బాట్‌లో కంపెనీ కోడ్, కస్టమర్ డేటా అతికించడం మీరు సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. ఇక అది రాసిన కోడ్‌లో అసలు లేని లైబ్రరీ పేర్లు కూడా వస్తుంటాయి, ఇన్‌స్టాల్ చేసేముందు వెతికి చూడాలి. రివ్యూలో 'ఇక్కడ ఈ లాక్ ఎందుకు?' అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే. చెప్పలేని లైను పంపకండి.

అపోహ: ఇంటర్న్‌షిప్ వచ్చిందంటే పీపీఓ (చదువు పూర్తయ్యేలోపే అదే కంపెనీ ఇచ్చే ఉద్యోగ ఆఫర్) వచ్చినట్టే.

వాస్తవం: పనితీరు బాగున్నా ఆ ఏడాది టీమ్‌కు ఖాళీ లేకపోతే ఆఫర్ రాదు. కాబట్టి మిగతా కంపెనీలకు సిద్ధం కావడం ఆపొద్దు. మీ చేతిలో ఉన్నది సగం గడువు దగ్గర జరిగే మధ్యంతర సమీక్ష. చివరి సమీక్ష నాటికి సరిదిద్దుకునే సమయం ఉండదు కాబట్టి, 'నేను ఏం మార్చుకోవాలి?' అని అప్పుడే సూటిగా అడగండి. ప్రతి శుక్రవారం ఐదు లైన్లు రాసిపెట్టుకుంటే సమీక్షకూ, కాలేజీ లాగ్‌బుక్‌కూ అదే పనికొస్తుంది. ఆఫర్ వచ్చాక బ్యాక్‌లాగ్‌ల షరతు, బాండ్ కాలం, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం చదివి సంతకం పెట్టండి.

అపోహ: స్టైపెండ్ చెప్పినంతా చేతికొస్తుంది.

వాస్తవం: కొన్ని కంపెనీలు దాన్ని వృత్తి ఫీజుగా లెక్కించి 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తాయి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం దాకా పోతుంది. మీ ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద ఆ మొత్తం జమైందో లేదో ముందు చూసుకోండి.

అపోహ: నేను రాసిన కోడ్ నాదే, గిట్‌హబ్‌లో పెట్టుకోవచ్చు.

వాస్తవం: కంపెనీది. రెజ్యూమేలో క్లయింట్ పేరు లేకుండా, ఏ సమస్యను దేనితో పరిష్కరించారో రాయండి, చాలు. ఆఖరి రోజు సాయంత్రానికి మీ అకౌంట్ మూసేస్తారు. అనుభవ ధ్రువపత్రం, స్టైపెండ్ స్లిప్పులు, టీడీఎస్ సర్టిఫికెట్ మీ సొంత మెయిల్‌కు పంపమని వారం ముందే హెచ్ఆర్‌ను అడగండి. ఆఫీసు మెయిల్ నుంచి మీరే ఫార్వర్డ్ చేసుకుంటే సెక్యూరిటీ టీమ్ నుంచి ఫోన్ వస్తుంది.