రెండు బిల్లులు, ఒక కారం దోసె

నిన్న పొద్దున నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చిన్న హోటల్లో ఒక్కడినే కారం దోసె తిన్నాను. దోసెకు ముందొక టీ, తర్వాతొక టీ నాకు అలవాటు. బిల్లు 80 రూపాయలు. ఇవాళ పదో తరగతి చదివే మా అన్న కూతుర్ని కూడా తీసుకెళ్లాను. రెండు దోసెలు, మూడు టీలు. బిల్లు 150. స్లిప్పు మీద మొత్తం తప్ప ఇంకేమీ లేదు.

"దోసె ఎంతో, టీ ఎంతో చెప్పు చూద్దాం" అన్నాను.

"గోడ మీద బోర్డు చూస్తే పోలా బాబాయ్!" అంది, వేలికంటిన ఎర్రకారం తుడుచుకుంటూ. నిజమే. కానీ ఈ వారమే బడిలో 'ప్రతిక్షేపణ పద్ధతి' మొదలుపెట్టారట, పేరు వింటేనే టెన్షన్ అంటోంది.

పేరే బరువు. ఒకదాని చోట దానికి సమానమైన ఇంకొకటి పెట్టడం, అంతే. నిన్నటి బిల్లు ప్రకారం దోసె అంటే 80లో రెండు టీల డబ్బు తీసేస్తే మిగిలేది. ధర ఇంకా తెలియదు, అయినా దోసెను టీలతో చెప్పేశాం. ఇవాళ్టి బిల్లులో దోసె ఉన్న చోట ఈ మాట పెడదాం. రెండు దోసెలంటే 160కి నాలుగు టీలు తక్కువ. తాగిన మూడు టీలు కలిపితే 160కి ఒక్క టీ తక్కువ. అది 150. టీ 10, దోసె 60. తెలియనివి రెండున్నంతసేపూ కదలని లెక్క, దోసె మాయమయ్యేసరికి నోటితో తేలిపోయింది.

పదో తరగతిలో నేను ఇక్కడే బోల్తా పడ్డాను. మొదటి సమీకరణం నుంచి తెచ్చినదాన్ని మళ్లీ మొదటిదాంట్లోనే పెట్టాను. 80 = 80 వచ్చింది. కరెక్టుగా వచ్చిందన్న సంబరంతో కింద గీత కొట్టి పేపరిచ్చేశాను. సున్నా మార్కులు. నిన్నటి బిల్లు చెప్పింది నిన్నటి బిల్లుకే చెబితే కొత్తగా ఏం తెలుస్తుంది?

ఒకవేళ ఇవాళ రెండు దోసెలకు, నాలుగు టీలకు 160 కట్టి ఉంటే, తప్పు లేకుండా చేసినా 160 = 160 అనే తేలేది. అది నిన్నటి బిల్లుకు రెండింతలు, అంతే. టీ 10 అయినా కుదురుతుంది, 15 అయినా కుదురుతుంది. అవే తిని, తాగి 150 కట్టి ఉంటే 160 = 150 వస్తుంది. అప్పుడు కౌంటర్లో కూర్చున్నాయన్నే అడగాలి.

అన్ని లెక్కలూ ఇంత తేలిగ్గా లొంగవు. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి 'గణితసార సంగ్రహం'లో (పావులూరి మల్లన తెలుగు చేసింది దీన్నే) ఒక పండ్ల లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. మన దోసెలాగా ఒక్కటే ఉన్న పండు ఇందులో లేదు. నేరుగా ప్రతిక్షేపిస్తే భిన్నాలు మీద పడతాయి. ముందు రెండూ కలిపితే అవి పదహారు, ఇవి పదహారు, మొత్తం 208. అంటే జత 13. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే, రెండు మాదీఫలాలు రెండు వెలగపండ్ల కంటే 6 ఎక్కువ. అంటే మాదీఫలం వెలగపండు కంటే 3 ఎక్కువ. ఆ మాట జతలో పెట్టమన్నాను.

పిల్ల స్లిప్పు వెనక్కి తిప్పి రాసింది: వెలగపండు 5, మాదీఫలం 8. రాసేశాక అడిగింది, "మాదీఫలం అంటే ఏంది బాబాయ్?"