రాకాసి గుళ్లా, మరుగుజ్జుల ఇళ్లా?

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో దామరవాయి దగ్గర, అడవిలో గుట్ట మీద రాతి గదులు కనిపిస్తాయి. మందపాటి పలకలు నిలబెట్టి, వాటి మీద ఇంకో పెద్ద బండ కప్పి ఉంటుంది. అక్కడివాళ్లు వాటిని రాకాసి గుళ్లు అంటారు. అంత బండను మనిషన్నవాడు ఎత్తలేడని వాళ్ల లెక్క. కర్ణాటకలో కొప్పళ జిల్లా హిరేబెణకల్ గుట్ట మీద ఇలాంటివే నాలుగు వందల దాకా ఉన్నాయి. అక్కడి జనాన్ని అడిగితే అవి మోర్యుల ఇళ్లని, మోర్యులంటే మూడడుగుల మనుషులని చెబుతారు.

ఇక్కడేమో రాక్షసులు, అక్కడేమో మరుగుజ్జులు! తమాషా ఏంటంటే ఇద్దరి తర్కమూ సరైనదే. ఒకరు పైకప్పు చూసి ఊహించారు, ఇంకొకరు గుమ్మం చూసి ఊహించారు. హిరేబెణకల్ గదుల్లో చాలావాటికి ఒక వైపు పలకలో గుండ్రంగా తొలిచిన రంధ్రం ఉంటుంది. కొన్నింట్లో మనిషి భుజాలు ముడుచుకుని పాకితే తప్ప పట్టడు.

నిజానికి ఇవి ఇనుప యుగం నాటి సమాధులు. దక్షిణాదిలో ఇలాంటివి దాదాపు మూడు వేల ఏళ్ల కిందట మొదలై కొన్ని వందల ఏళ్ల పాటు కట్టారు. చాలా చోట్ల వీటిలో నిండు శవం ఉండదు. శవాన్ని ముందు వేరేచోట ఉంచి, మాంసం పోయాక మిగిలిన ఎముకల్లో కొన్నింటిని ఏరి తెచ్చి ఇక్కడ పెట్టేవారు. అస్థి సంచయనం మనకూ ఉంది కాబట్టి ఎముకలు ఏరడం మనకేం వింత కాదు. అదే ఆచారం ఇక్కడి దాకా వచ్చిందని మాత్రం నేను అనను. మధ్యలో చాలా కాలం గడిచింది.

ఈ కట్టడంలోని తెలివి ఎక్కడుందో 1947లో బ్రహ్మగిరిలో బాగా బయటపడింది. మన రాయదుర్గం అవతల, చిత్రదుర్గ జిల్లాలో ఉన్న ఈ చోట పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. అక్కడి గదులు భూమిలోపల ఉన్నాయి. చుట్టూ ఉన్న మట్టి పలకలను లోపలికి నెడుతూనే ఉంటుంది. మరి అవి ఎందుకు కూలలేదు? అట్టపెట్టెను టేపు లేకుండా మూయాలంటే నాలుగు రెక్కలనూ ఒకదాని కింద ఒకటి దోపుతాం కదా, ఇక్కడి కిటుకూ అలాంటిదే. ప్రతి పలక ఒక కొన పక్క పలకకు ఆనుకుంటుంది, రెండో కొన మూల దాటి బయటికి పొడుచుకు వస్తుంది. పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారం. మట్టి ఎంత నెడితే పలకలు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. సున్నం లేదు, మేకు లేదు.

రాయి దొరకడం కూడా అనుకున్నంత కష్టం కాదు. దక్కన్ గ్రానైట్ కొండలు ఉల్లిపొరల్లా పొరలు పొరలుగా ఊడతాయి. ఆ పొరను వేరు చేయగలిగితే పలక సగం తయారైనట్టే. మోయడం మాత్రం మహా కష్టం. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెటలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు, ఒక సమాధి మీది బండను తీయడానికి పెద్ద క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. దాన్ని పెట్టినవాళ్ల దగ్గర క్రేన్ లేదు.

లోపల దొరికే సామాను ఇంటి సామానులాగే ఉంటుంది. కొడవళ్లు, గొడ్డళ్లు, బల్లెపు మొనలు, వాటితోపాటు కుండలు, గిన్నెలు. ఆ గిన్నెలను చూడగానే గుర్తుపట్టవచ్చు: బయట ఎరుపు, లోపలా అంచు దగ్గరా నలుపు. రెండు రంగులు పూశారేమో అనిపిస్తుంది, కానీ మట్టి ఒకటే. ఆవంలో గిన్నెను బోర్లిస్తే లోపలి భాగానికి గాలి అందక నల్లబడుతుంది, గాలి తగిలే బయటి వైపున మట్టిలోని ఇనుము ఎర్రబారుతుంది. ఎక్కువమంది పండితులు చెప్పే వివరణ ఇది.

మళ్లీ ఆ రంధ్రం దగ్గరికే వద్దాం. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే. ఈజిప్టు పిరమిడ్లలో రాజును పెట్టాక దారిని బండలతో మూసేశారు. అయినా దొంగలు దూరారు, అది వేరే సంగతి. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ సమాధి పిరమిడ్ల కంటే పాతది. అక్కడ వాకిలి పైన వెలుగు కోసం ఒక కిటికీ వదిలారు. డిసెంబరులో పొద్దు బాగా తగ్గే రోజుల్లో, సూర్యోదయపు కిరణం 19 మీటర్ల సందు దాటి లోపలి గదిని 17 నిమిషాలు వెలిగిస్తుంది. తవ్వకాలు జరిపిన ఓకెల్లీ 1967లో లోపల కూర్చుని దీన్ని కళ్లారా చూశాడు.

మన రాతిగదుల రంధ్రం వెలుగు కోసం కాకపోవచ్చు. బ్రహ్మగిరిలో రంధ్రం ఎక్కువగా తూర్పు వైపే ఉంటుంది, దాన్ని బయటినుంచి మూయడానికి విడిగా ఓ పలక ఉంటుంది. ఒకే గదిలో పలువురి ఎముకలూ దొరికాయి. పైకప్పు కదపకుండా, ఇంట్లో ఇంకొకరు పోయినప్పుడు ఆ పలక పక్కకు జరిపి, కొత్త ఎముకలూ ఒక గిన్నే లోపలికి అందించి, మళ్లీ మూసేవారని అనుకోవచ్చు.